ఎత్తిపోతల చూడబోవు పెద్దలకు

మనది నల్లరేగడి సీమ. పత్తికిని మిరపకును పుట్టినిల్లు. ఇచట పుట్టి పెరిగినవానికి నీరనగా చెఱువునీరు, కాలువనీరు, ఈనడుమ బోరునీరు. కొండకొమ్మునుండి నీరు దుముకుటను కన్నులార చూడవలెనన్నచో మనకందుబాటులో ప్రసిద్ధమైనది మాచర్ల చేరువనున్న ఎత్తిపోతల. మీలో పలువురు దానిని చూచియేయుందురు. చూడనివారు "ఈ యేటి పత్తి అమ్ముడుపోనిండు, చూతము" అని ఏండ్లతరబడి అనుకొనుచునేయుందురు. నేడు నేను ముచ్చటింపబోవునది ఆ జలపాతమును గూర్చి మాత్రమే కాదు. దానిని చూడబోయినవారు చుట్టుప్రక్కల మఱి యేమి చూడవచ్చును, ఏ వరుసను చూడవలెను, ఎచట పొరబడుదురు అనునదియే నా ప్రసంగవిషయము. పొరబడుట యనగా నేను పొరబడిన తీరునే చెప్పెదను. పరుల పొరపాటులు నాకు తెలియవు.

నాయొద్ద చదువుకొనిన శిష్యుడొకడు కెనడా దేశమున టొరాంటో నగరమునందున్నాడు. పండుగలకు నాతో ఫోనులో మాటలాడుచుండును. ఆ దేశమున నయాగరా జలపాతము లోకప్రసిద్ధము. గుఱ్ఱపులాడమువలె వంగియుండు దాని పెద్దపాయ యెత్తు సుమారు 57 మీటర్లు. వాడు చెప్పిన విశేషమేమనగా, అచటికి పోవువారు జలపాతమునొక్కదానినే చూచి మరలిపోరట. దాపుననే సరస్సునొడ్డున నయాగరా-ఆన్-ది-లేక్ అను చిన్నపట్టణమున్నది. 1792లో ఎగువ కెనడాకు మొదటి రాజధాని యదియే. దానిచుట్టును ద్రాక్షతోటలు, తోటలలో ద్రాక్షాసవము తీయు శాలలు. చలికాలమున పండ్లను తీగపైననే గడ్డకట్టనిచ్చి, సున్నకు దిగువ 8 డిగ్రీలకు చలి ముదిరిన పిమ్మట, తఱచుగా రాత్రివేళ, కోయుదురట. అట్లే గడ్డకట్టిన పండ్లను పిండుదురు. నీరు మంచుముక్కయై లోపలనే నిలిచిపోవును. తేనెవంటి రసము మాత్రము బొట్టుబొట్టుగా దిగును. దానితో చేయు ఆసవమునకు అచట గొప్ప పేరు. నేను మద్యము ముట్టనివాడను. మన పల్లెలకు ఈ విషయమున తాటిచెట్లు చాలినవి, చాలినదానికంటె హెచ్చును. అయినను ఆ పండ్లు పిండు యుక్తిని విని మెచ్చుకొంటిని.

వాడు ఊరకుండక "మాస్టారూ, మన ఎత్తిపోతల పక్కన ఏమేమి ఉన్నాయి?" అని అడిగెను. ముప్పదియైదేండ్లు బడిలో ప్రశ్నలు వేసినవాడను, ఆ ప్రశ్నకు చప్పున బదులు చెప్పలేకపోతిని. కారణమున్నది. ఉద్యోగములో నుండగా నేనొకమాఱు పిల్లలను వెంటబెట్టుకొని ఎత్తిపోతలకు పోయియుంటిని. పరీక్షలైన పిమ్మట, ఏప్రిల్ నెలలో పోయితిని. ఆ దారిలోనిదే రెంటచింతల. వేసవి యెండకు ఆంధ్రదేశమంతట పేరుబడిన యూరు. బస్సులో పిల్లలు వాడిన తోటకూరకాడలవలె వ్రాలిపోయిరి. తీర చేరి చూచితిమి గదా, డెబ్బది అడుగుల బండ నిలిచియున్నది, దానిపై నుండి కుండకు చిల్లిపడినట్లు సన్నని ధారయొకటి జారుచున్నది. నాల్గవ తరగతి బాలుడొకడు అటునిటు చూచి "మాస్టారూ, జలపాతం ఎక్కడండీ?" అనెను. అలసిన పిల్లలతో మఱియొక చోటికి పోవు ధైర్యము లేక, మాచర్లలో మజ్జిగ త్రాగించి, గుడినైనను చూపక, తిరుగుదారి పట్టితిని. ఎత్తిపోతల ప్రక్కన ఏమున్నదో నాకెట్లు తెలియును?

తప్పు నాది. ఎత్తిపోతల కృష్ణలో కలియు చంద్రవంక యను ఏటిపై నున్నది. నక్కలవాగు, తుమ్మలవాగు దానితో కూడును. ఇవి వానలపై బ్రతుకు వాగులు గాని, హిమాలయములనుండి దిగిన గంగలు కావు. శ్రావణమునుండి మార్గశిరము వఱకు వీనికి ప్రాణము. పిమ్మట వానదేవుని దయ. కనుక వేసవి సెలవులలో పిల్లలను తీసికొని పోవలెనను తలంపును మొదటనే విడిచిపెట్టుడు.

ఇక రైతునకు ఆ కాలమున తీరిక యెక్కడిది? భాద్రపదమున మిరపనారు నాటవలెను. కార్తికమున పత్తి తీతకు వచ్చును, కూలీలు దొరకరు. సంక్రాంతి దాటిన పిదప మిరపకోతలు, కల్లములో కాయ యెండబెట్టుట, తాలుకాయ యేరుట, టిక్కీలు కట్టించి గుంటూరు యార్డుకు తోలుట. ఈ నడుమ, పత్తి మొదటి తీతకును రెండవ తీతకును మధ్య, ఏడెనిమిది దినముల సందు దొరకును. మేమా సందులోనే పోవ నిశ్చయించితిమి.

మేమనగా ఐదుగురము. సాయంకాలము రావిచెట్టు క్రింద అరుగుపై కూర్చుండి పత్రిక చదువుకొనువారము. శిష్యుడడిగిన ప్రశ్నను నేనచట చెప్పగా నలుగురు నాలుగు మాటలనిరి. ఒకరు "జలపాతము దగ్గఱ వంట చేసికొని దినమంతయు గడుపుదము, వనభోజనము చాలును" అనిరి. ఒకరు మాచర్ల చెన్నకేశవుని సేవింపవలె ననిరి. మఱియొకరికి కారెంపూడి తిరునాళ్లు చూడవలెనని కోరిక. ఐదవవారు మాలో పెద్దవారు, నాకంటె ఏడెనిమిదేండ్లు హెచ్చు. ఆయన చాలసేపు మాటలాడక, తుదకు "నాకు జలపాతం అక్కరలేదు పంతులుగారూ. లాంచీ ఎక్కి కొండకు తీసుకుపోండి, చాలు" అనెను.

కొండయనగా నాగార్జునకొండ. ఆయన జన్మస్థలము ఆ లోయలోని యొక పల్లె. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. నీరు నిలువకమునుపే లోయలోని పల్లెలను ఖాళీచేయించిరి. అప్పటికి ఆయన ఆఱేడేండ్ల బాలుడు. తలిదండ్రులతో రెండు మూడూళ్లు తిరిగి, పెండ్లియైన పిమ్మట మా యూరికి వచ్చి, కౌలుకు పత్తి వేసి, క్రమముగా నాలుగెకరములు సంపాదించినాడు. ఇన్నేండ్లలో ఒక్కమాఱును ఆ నీటివైపునకు పోలేదట. "నాయన బ్రతికినన్నాళ్లు వద్దనేవాడు. ఆ తరువాత పనులు" అని చెప్పెను. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు సాగరపు కాలువలకు నీరు వదలిరి. ఆ కుడికాలువయే గుంటూరు, ప్రకాశము సీమలకు వచ్చినది. మా యూరి మాగాణికి వచ్చు నీరదియే. అరుగుపై కూర్చున్న మిగిలిన నలుగురమును ఆ నీటితో పండిన యన్నము తిన్నవారమే. ఆ సాయంకాలము ఎవరును వనభోజనము మాట తలపెట్టలేదు.

ప్రయాణపు ఏర్పాటు నాకప్పగించిరి. పండితుడనని నమ్మకము! నేను పంచాంగము తీసి, కారెంపూడి తిరునాళ్ల తుదిదినమునకు పోవునట్లును, ఆ రాత్రి మాచర్లలో నిద్రించి, మఱునాడుదయమున లాంచీ యెక్కి కొండకు పోవునట్లును, మధ్యాహ్నము ఎత్తిపోతల చూచి, రాత్రికిల్లు చేరునట్లును లెక్కవేసితిని. తిథి చూచితిని, వర్జ్యము చూచితిని, దుర్ముహూర్తము చూచితిని. ఒక్కటి మాత్రము చూడలేదు. అది ముందు మీకే తెలియును.

కారెంపూడిని గూర్చి రెండు మాటలు చెప్పక ముందుకు సాగలేను. నాగులేటి యొడ్డున నున్న యీ యూరే పల్నాటి యుద్ధరంగము. 12వ శతాబ్దమున గురజాల నలగామరాజు పక్షమున నాగమ్మయు, మాచర్ల మలిదేవుల పక్షమున బ్రహ్మనాయుడును నిలువగా జరిగిన దాయాదిపోరు కథ మీకందఱకును కంఠపాఠమే. ఏటేట కార్తిక అమావాస్యతో మొదలై ఐదు దినములు రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అను వరుసను వీరారాధనము జరుగును. తిరునాళ్లనగా రంగులరాట్నము అనుకొని పోకుడు. వీరుల యాయుధములని చెప్పబడు కొణతములను పట్టుకొని వచ్చు ఆచారవంతులలో వేఱువేఱు కులములవారుందురు. బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి భోజనము పెట్టించెనట. దానినే చాపకూడు అందురు. సేనాపతిత్వమును మాలకన్నమదాసునకిచ్చెనట. శ్రీనాథుని పేర నున్న పల్నాటి వీరచరిత్రమును అక్కిరాజు ఉమాకాంతముగారు పరిష్కరించి 1911లో అచ్చువేసిరి. నేను దానిని బడిలో నెన్నిమాఱులు చదివి వినిపించితినో లెక్కలేదు. అయినను కల్లిపాడునాడు ఆ డప్పుల నడుమ నిలుచుండగా, పుస్తకములో చదివినది నిజమునకు సగమే యనిపించినది. మాలో తిరునాళ్లు కోరినవారికి జనసమ్మర్దములో చెప్పులు పోయినవి. ఆయన దానికి విచారింపలేదు.

రాత్రికి మాచర్ల చేరితిమి. ఉదయమున లేచి తేనీటి కొట్టువద్ద నిలుచుండి, లాంచీ యెన్నిగంటలకని అడుగగా, ఆ కొట్టువాడు నా ముఖము చూచి "ఇవాళ శుక్రవారం గదండీ. కొండమీద మ్యూజియం మూస్తారు" అనెను.

శ్రోతలారా, తిథివార నక్షత్రములలో వారమనునదొకటి యున్నదని బాలశిక్షలోని పిల్లవాడెఱుగును. నేను మఱచితిని. తుదిదినము గురువారమైనచో మఱునాడు శుక్రవారమగును. అది లెక్కకందని శాస్త్రము కాదు.

అచటనే తగవు మొదలైనది. ఇద్దఱు శనివారము పత్తి తీతకు కూలీలను మాటలాడి వచ్చిరి. ఒకదినము తప్పినచో ఆ కూలీలు వేఱొకరి చేనిలోనికి పోవుదురు, విచ్చిన పత్తి మంచుకు తడియును, తడిసిన పత్తికి ధర తెగును. వారు చెప్పినదానిలో అసత్యము లేదు. "ఎత్తిపోతల చూచి యిల్లు చేరుదము, కొండకు మఱియొకప్పుడు వత్తము" అనిరి. మా పెద్దాయనవైపు చూచితిని. ఆయన గ్లాసు క్రిందపెట్టి "నా కోసం పత్తి ఎందుకు చెడగొట్టుకుంటారు? పోదాం పదండి" అనెను. ఆ మాటయే నన్ను నిలువనీయలేదు. డెబ్బది దాటినవానికి "మఱియొకప్పుడు" అను మాట చెప్పుట సులభము కాదు. నేను ఆ యిద్దఱిలో ఒకరి కుమారునకు ఫోను చేసితిని. వాడు నా శిష్యుడే. రెండు చేలలోను కూలీలను తాను నిలిచి చూచుకొందుననెను. రెండవవారు కొంచెము సణిగి ఒప్పుకొనిరి. పాపము, ఆయన సణుగుటలో తప్పు లేదు.

ఆ విధముగా మిగిలిన దినము మాకు లాభించినది. చెన్నకేశవుని నింపాదిగా సేవించితిమి. ఆ యాలయము చంద్రవంక యొడ్డుననే యున్నది. బ్రహ్మనాయుని కాలముతో దానికి ముడివేయుదురు. మాచర్ల నాపరాళ్లను గూర్చి చెప్పనక్కరలేదు. మీలో సగముమంది యిండ్లలో అరుగులకును వసారాలకును పఱచినవి పల్నాటి రాళ్లే.

మధ్యాహ్నము ఎత్తిపోతల చేరితిమి. ఈమాఱు ఆ బాలుడు నా వెంట లేకపోయెనే యనిపించినది. ఆ యేడు వానలు బాగుగా కురిసినవి. మూడు నాలుగు పాయలుగా నీరు దుముకుచు, మడుగులో పడి, పాలనురుగువలె పొంగి, కొంతదూరము పోయి కృష్ణలో కలియుచున్నది. ఎదురుగట్టుపై నుండి చూచుటకు చక్కని చోటున్నది. మోకాళ్లనొప్పులు గలవారు అచటనే కూర్చుండవచ్చును. క్రిందికి మెట్లున్నవి, దత్తాత్రేయుని గుడియు నున్నది. దిగుట తేలిక, ఎక్కునప్పుడు తెలియును. మడుగులో మాత్రము దిగకుడు. అచట మొసళ్లున్నవి. ఈతవచ్చినవాడనని మొసలితో చెప్పుకొన్నను అది వినదు. పూర్వము యతులు తపస్సు చేసిన స్థలమగుటచే "యతితపస్థలి" అని పేరు వచ్చి, అది ఎత్తిపోతలయైనదని కొందఱందురు. నాకు మాత్రము, ఎత్తునుండి పోయుటచేత ఎత్తిపోతల యనుటయే తెలుగుగా తోచుచున్నది. వ్యాకరణము చదివినవాని చాదస్తమని మన్నింపుడు.

రాత్రి విజయపురిలో గడిపి, శనివారము మొదటి లాంచీలో కూర్చుంటిమి. గంటసేపు ప్రయాణము. ఒకప్పుడిది ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. 3వ, 4వ శతాబ్దులలో వారు రాజ్యమేలిరి. శాంతమూలుని సోదరి చాంతిసిరి యిచట మహాచైత్యమును కట్టించినది. ఆ విహారములలో పెక్కింటికి దాతలు స్త్రీలే. ఈ లోయలోని శిథిలములను 1926లో మొదట గుర్తించి ప్రభుత్వమునకు తెలిపినది సూరపరాజు వెంకటరామయ్యగారను బడిపంతులు. ఇది చెప్పునప్పుడు నా కంఠము కొంచెము హెచ్చినచో క్షమింపుడు. నీరు నిలువకమునుపు 1954 మొదలు 1960 వఱకు పెద్దయెత్తున త్రవ్వకములు జరిపి, కట్టడములలో కొన్నింటిని రాయిరాయిగా విప్పి కొండమీదికిని, ఒడ్డుననున్న అనుపునకును చేర్చిరి. 1966లో కొండపై వస్తుప్రదర్శనశాలను తెఱచిరి.

నేను వీనినెల్ల మిత్రులకు చెప్పుచు పోవుచుంటిని. పెద్దాయన వినలేదు. లాంచీ అంచున చేయివేసి, నీటిని కాక, చుట్టును కొండల వరుసను చూచుచుండెను. నీటిక్రింద నేమున్నదో కానరాదు గదా, కొండల తలలే ఆనవాళ్లు. కొంతసేపటికి "ఆ రెండు కొండల నడుమ సందు చూచారా? మా బఱ్ఱెలు సాయంత్రం అందులోనుంచి దిగేవి. అంటే మా యిల్లు ఇక్కడికి..." అని క్రిందికి చూచి ఆగెను. లాంచీ నడుపువానిని ఇచట నీటిలోతెంత యని అడిగెను. వాడేదో చెప్పెను, యంత్రపు చప్పుడులో నాకు వినబడలేదు. ఆయనకు వినబడినది. తల యూపి, మా అమ్మ నీళ్లు తెచ్చుటకు ఎంతదూరము నడిచెడిదో చెప్ప మొదలుపెట్టెను. కోసెడు దూరము, వేసవిలో రెండు మాఱులు. పత్తి కూలీలను గూర్చి సణిగినవారే అందఱికంటె ముందు ఆయన ప్రక్కకు పోయి కూర్చుండిరి.

శిష్యుని ప్రశ్నకు నాకు కొండమీద బదులు దొరకినది. ఆ త్రవ్వకములలో రాజప్రాసాదస్థలమున దొరకిన యొక స్తంభముపై, అర్ధనగ్నుడైన గడ్డపువాడొకడు చేత కొమ్ముపాత్ర పట్టి నిలుచున్నట్లును, ప్రక్కన ద్రాక్షాసవపు పీపా యున్నట్లును చెక్కియున్నారు. గ్రీకుల ఆసవదేవత డయనీసస్ అని దానిని పండితులు పోల్చిరి. ఈ లోయలో రోమక చక్రవర్తుల బంగారు నాణెములును దొరకినవి. అనగా మన కృష్ణాతీరమునకు సముద్రములు దాటి వచ్చినవారు తమ దేవుని, తమ పానపాత్రను గూడ వెంట తెచ్చిరన్నమాట. టొరాంటోవానికి ఆ రాత్రియే చెప్పితిని: "నాయనా, మీ నయాగరా ప్రక్కనున్న ద్రాక్షాసవము నిన్నమొన్నటిది. మా ఎత్తిపోతల ప్రక్కనున్నది పదునేడు నూఱేండ్లది, త్రాగుటకు మాత్రము వీలులేదు."

తిరుగుదారిలో అనుపువద్ద మెట్లమెట్లుగా నున్న రంగస్థలమును చూచితిమి. దుర్గిలో ఆగి శిల్పులు రాతిని చెక్కుటను చూచితిమి. ఆ పల్లె శిల్పములకు భౌగోళికమైన గుర్తింపు లభించినది. పెద్ద విగ్రహములు కొనలేనివారు రోలో, చిన్న నందియో కొనవచ్చును. చెప్పులు పోయినవారు నందిని కొనిరి.

పోదలచినవారికి కొన్ని మాటలు. ఐదాఱుగురు కూడి బండి మాటలాడుకొన్నచో ఖర్చు పంచుకొనవచ్చును. రైలులో పోవువారికి గుంటూరునుండి నడికూడి మీదుగా మాచర్ల వఱకు దారి కలదు. లాంచీ నమ్మకమైన చుట్టము కాదు. జనము కూడినగాని కదలదు, గాలి వీచినచో కదలదు. కనుక దానిని ఉదయమునకే పెట్టుకొని, జలపాతమును మధ్యాహ్నమునకు విడువుడు. జలపాతము మీకొఱకు వేచియుండును, లాంచీ వేచియుండదు. మందులు, మంచినీరు, పలుచని దుప్పటి తీసికొనిపొండు. మార్గశిరపు చలి ఆ నీటిగట్టున తెలియును. రెండు దినములు చాలును, మూడైనచో సుఖము.

ఇంటికి చేరిన మూడవనాడు పెద్దాయన అరుగువద్దకు వచ్చి, సంక్రాంతికి హైదరాబాదునుండి మనుమలు వచ్చుచున్నారనియు, వారిని ఆ కొండల సందు చూపుటకు తీసికొనిపోవుదుననియు చెప్పెను. ఏర్పాటులు నేను చూచెదనంటిని. "వద్దు పంతులుగారూ," అనెను. "మీరు రండి, మాట్లాడండి. వారం మాత్రం నేను చూస్తాను."